రంగు చూసి కాదు... చప్పుడు విని!

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు ముందు రంగు చూస్తారు. తర్వాత మీటరు చూస్తారు. ఇంజన్ సంగతి చివర్లో గుర్తొస్తుంది. ఆ వరస తెలియక ఒకసారి నిండా మునిగి, రెండోసారి ఒడ్డుకు చేరిన ఓ కుటుంబం కథ ఇది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... మూడు ఊళ్ల మధ్య తిరిగిన కథ.

* * *

'డాక్టరు సాబ్ బండి అన్నా! ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి. గంతే. ఇంకో ఊరు ఎరగదు.'

పాత కార్ల బజారులో అడుగుపెట్టినవారెవరైనా ఈ మాట వినే ఉంటారు. తెలంగాణలోని డాక్టర్లంతా తలా పది కార్లు కొని అమ్మినా ఇన్ని 'డాక్టరు బండ్లు' తేలవు. అయినా ఆ మాట పనిచేస్తుంది. కోరుట్ల పక్క పల్లెకు చెందిన ఆ పెద్దమనిషి దగ్గరా పనిచేసింది.

ఆయనకు కార్లు కొత్త కాదు. 14 ఏళ్లు దుబాయ్‌లో ఓ అరబ్బు ఇంట్లో డ్రైవరు. ల్యాండ్‌క్రూజర్లు తోలిన చెయ్యి. పిల్లల్ని బడిలో దింపడం, పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లడం, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకు పరుగెత్తడం... ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాడో లెక్కలేదు. ఒక్క కిలోమీటరు కూడా తనవాళ్లను ఎక్కించుకుని తిరగలేదు. కరోనా తర్వాత ఇంటికొచ్చేసినప్పుడు మనసులో ఉన్న కోరికలు రెండు. ఇల్లు మీద రెండో అంతస్తు. ఇంటి ముందు సొంత కారు.

అంతస్తు సంగతి వాయిదా పడింది. కారు మాత్రం ఆగలేదు. కారణం కోరిక కాదు, తల్లి. గుండెకు స్టెంట్ వేశాక ఆమెను నెలకు రెండుసార్లు కరీంనగర్ చూపించుకు రావాలి. రానూపోనూ దాదాపు 150 కిలోమీటర్లు. బస్సులో నిలబడలేదు. అద్దె కారుకు ప్రతిసారీ పెట్టే స్థోమత లేదు. దాంతో 2022లో 2 లక్షల చిల్లర పోసి ఓ పెట్రోలు కారు కొన్నాడు. తళతళలాడే రంగు, కొత్త సీటు కవర్లు, మీటరులో 48 వేల కిలోమీటర్లు. పైగా... డాక్టరు బండి!

కొండగట్టు దగ్గర ఆగిన గుండె

ఐదు నెలలు బాగానే నడిచింది. ఓ రాత్రి కరీంనగర్ నుంచి తిరిగొస్తున్నారు. గంగాధర దాటారు. కొండగట్టు ఇంకాస్త దూరంలో ఉంది. ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోయింది. పొగ లేదు. పెద్ద చప్పుడూ లేదు. యాక్సిలరేటర్ తొక్కితే జవాబు లేదు. సెల్ఫ్ కొడితే మోటారు ఖాళీగా, తేలిగ్గా తిరుగుతోంది తప్ప ఇంజన్ అందుకోవడం లేదు.

వెనక సీట్లో తల్లి, భార్య. ఫోన్‌లో చార్జింగు అంతంతే. గంటన్నర తర్వాత ఓ ట్రాలీ ఆటో వాళ్లు జాలిపడి తాడు కట్టి జగిత్యాల దాకా లాక్కొచ్చారు. ఆ గంటన్నరా తల్లి ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం అంది. 'కొడుకా... ఇగ నేను బస్సుకే పోత తియ్యి.'

ఆ మాట ఆయనకు ఇంజన్ రిపేరు బిల్లు కన్నా ఎక్కువ బరువనిపించింది.

మర్నాడు జగిత్యాల షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి, ముందువైపు కవరు విప్పి, తెగిన నల్లటి రబ్బరు పట్టీ చేతిలో పెట్టాడు. టైమింగ్ బెల్టు. ఇంజన్ లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. వాటి పైన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఈ రెండింటినీ తాళం తప్పకుండా నడిపించేది ఆ పట్టీయే. అది తెగితే వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పిస్టన్ మాత్రం ఊపులో పైకి వచ్చేస్తుంది. చాలా ఇంజన్లలో ఆ రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగిపోతాయి. హెడ్ దించాల్సిందే. బిల్లు కారు ఖరీదులో నాలుగో వంతు తేలింది.

'బెల్టు ఎప్పుడు మార్చిండ్రన్నా?' అని మెకానిక్ అడిగాడు.

'నాకేం తెలుసు భాయ్... మీటరు 48 వేలే ఉండె.'

మెకానిక్ నవ్వి బ్రేకు పెడల్ వైపు చూపించాడు. దాని మీది రబ్బరు గీతలు పూర్తిగా అరిగి నున్నగా మెరుస్తోంది. 48 వేల కిలోమీటర్లకు అంత అరుగుదల రాదు. మీటరు వెనక్కి తిరిగింది. బెల్టు వయసు మాత్రం తిరగలేదు!

బాగుచేయించి, వచ్చిన ధరకు ఆ బండిని వదిలించుకున్నాడు. తర్వాత రెండేళ్లు మళ్లీ బస్సే. ఈసారి కొనడానికి ఉన్న డబ్బు 3 లక్షల 30 వేలు. అందులో సగం భార్య బీడీలు చుట్టి కట్టిన చిట్టీ ఎత్తితే వచ్చింది. చాటలో ఆకు కత్తిరించుకుంటూనే ఆమె ఒక షరతు పెట్టింది. 'ఈపారి నువ్వొక్కనివే పోవద్దు. తెలిసినోళ్లను తోల్కపో.'

తెలిసినోళ్లు ఇద్దరే. జగిత్యాల మెకానిక్ ఒకరు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే బామ్మర్ది ఇంకొకరు.

ముందు లెక్క... తర్వాత బండి

మొదటి బండి కోరుట్లలోనే దొరికింది. డీజిల్ సెడాన్. డిక్కీ పెద్దది, లోపల విశాలం. అదే ధర! 'యావరేజ్ 20 తగ్గదు' అన్నాడు అమ్మేవాడు. ఈయన మనసు లాగింది. మెకానిక్ ఫోన్‌లోనే అడ్డుకున్నాడు. 'అన్నా, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతవు? ముందు గది చెప్పు.'

ఆసుపత్రి ప్రయాణాలు 300. పెళ్లిళ్లు, సంతలు, ధర్మపురి, వేములవాడ అన్నీ కలిపి మరో 300. మొత్తం 600 కిలోమీటర్లు. పెట్రోలు బండి లీటరుకు 16 ఇస్తుందనుకుంటే దాదాపు 38 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల చొప్పున లెక్కేస్తే నెలకు 4 వేల పైచిలుకు. డీజిల్ బండి 20 ఇస్తే 30 లీటర్లు. లీటరు 96 రూపాయలైతే 2,900 లోపు. తేడా నెలకు 1,200 కూడా లేదు. ఏడాదికి 14 వేల దగ్గర.

మంచి ఆదాయే కదా అనిపిస్తుంది. కానీ పాత డీజిల్ బండిలో టర్బో ఉంటుంది, అధిక పీడనంతో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లుంటాయి, పంపు ఉంటుంది. లక్ష కిలోమీటర్లు దాటాక వాటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఏడాది రెండేళ్ల ఆదా ఒక్క బిల్లులో కొట్టుకుపోతుంది. నెలకు 1,500 పైన తిరిగేవారికి డీజిల్ లెక్క వేరు. ఇంటి అవసరాలకు తిరిగేవారికి మామూలు పెట్రోలు ఇంజనే చవక. తయారీదారులూ చిన్న డీజిళ్లను పక్కనపెట్టారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్ల తయారీయే మానేసింది.

అయితే పెట్రోలు అనగానే అన్నీ ఒకటి కావు. ఈమధ్యవాటిలో చిన్న ఇంజనుకు టర్బో తగిలించినవి ఉన్నాయి. పరుగు బాగుంటుంది, నిజమే. కానీ వేడి ఎక్కువ, విడిభాగాలు ఎక్కువ, ఆయిల్ విషయంలో పట్టింపూ ఎక్కువ. మొదటి యజమాని సరిగ్గా చూసుకోకపోతే ఆ పాపం రెండో యజమాని మోయాలి. టర్బో లేని సాదాసీదా ఇంజన్, చేత్తో మార్చే గేర్లు... పల్లె దారుల్లో ఏ షెడ్డు ముందు ఆగినా విప్పగలిగేది అదే.

బెల్టా... గొలుసా?

మనదేశంలో మధ్యతరగతికి కారు పరిచయమైంది 1983 డిసెంబరు 14న. మారుతి 800 తొలి తాళంచెవిని ఇందిరాగాంధీ అందించిన రోజది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ బండి 2014 వరకూ తయారైంది. అందులోనూ, జెన్‌లోనూ, పాత ఆల్టోలోనూ, 2010కి ముందటి వ్యాగన్ఆర్‌లోనూ, తొలి స్విఫ్ట్‌లోనూ, శాంత్రోలోనూ ఉన్నవి బెల్టు ఇంజన్లే. అవి చెడ్డవని కాదు. లక్షల కుటుంబాలను మోసినవే. కాకపోతే బెల్టును సమయానికి మార్చాలి. బండిని బట్టి 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య గడువుంటుంది. తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగుళ్లు తేలుతుంది. మార్చిన రుజువు లేకపోతే కొన్న మర్నాడే మార్పించుకోవడం క్షేమం.

ఆ తర్వాతి తరం ఇంజన్లలో బెల్టు స్థానంలో ఇనుప గొలుసు వచ్చింది. మారుతిలో 998 సీసీ కె10 ఇంజన్ 2008లో ఎ-స్టార్‌తో మొదలై 2010లో ఆల్టో కె10, వ్యాగన్ఆర్‌లలోకి వచ్చింది. 1197 సీసీ కె12 ఇంజన్ రిట్జ్, స్విఫ్ట్, డిజైర్‌లలో ఉంది. హ్యుందయ్‌లో 1.2 కప్పా ఇంజన్ ఐ10లోనూ, 2013లో వచ్చిన గ్రాండ్ ఐ10లోనూ కనిపిస్తుంది. హోండాలో 1.2 ఐవీటెక్... జాజ్, బ్రియో, అమేజ్‌లది. టొయోటా ఇటియోస్‌లో 1.5 లీటర్లది. ఇవన్నీ గొలుసువే. ఇవన్నీ టర్బో లేనివే. పాత బండి కొనేవారి వేట సాధారణంగా ఈ వరసలోనే సాగాలన్నది మెకానిక్ లెక్క.

'గొలుసు అంటే ఇగ జిందగీ మొత్తం చూడనక్కర్లేదా భాయ్?' అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. గొలుసుకు ప్రాణం ఆయిల్. సమయానికి ఆయిల్ మార్చకపోతే గొలుసు సాగుతుంది. దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ వదులవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగలమని చప్పుడొస్తుంది. అది అలాగే కొనసాగితే ఖర్చు పొంచి ఉందన్నమాట.

ఇంకో మాట. ఇంజన్ ఎంత గొప్పదైనా విడిభాగం దొరక్కపోతే అది షెడ్డులో బొమ్మే. షెవర్లే కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్లు ప్రకటించింది. ఆ కార్లు చవగ్గా దొరుకుతాయి. కొన్ని మంచి ఇంజన్లు కూడా. కానీ చిన్న ఊళ్లో ఉండేవారు కొనేముందు ఒకసారి స్థానిక విడిభాగాల దుకాణంలో అడిగి చూడటం మంచిది. ఏ వస్తువు అడగ్గానే కౌంటరు మీద పెడతారో, ఏది 'హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె' అంటారో తెలిసిపోతుంది.

చల్లటి ఇంజన్ అబద్ధం చెప్పదు

రెండో బండి జగిత్యాలలో. మామిడికాయల సీజను. చల్‌గల్ మార్కెట్ వైపు లారీలు బారులు తీరి ఉన్నాయి. చెప్పిన సమయానికి పావుగంట ముందే వెళ్లారు. అమ్మేవాడు అప్పటికే బండి స్టార్ట్ చేసి ఉంచాడు. 'మీరొస్తరని రెడీ పెట్టిన' అన్నాడు మర్యాదగా.

మెకానిక్ ఏమీ అనలేదు. చెట్టు కింద కూర్చుని చాయ్ తెప్పించమన్నాడు. తర్వాత ఇంకో చాయ్. ఇంజన్ చల్లారేదాకా కదల్లేదు.

ఎందుకంటే, వేడెక్కిన ఇంజన్ తన జబ్బులు దాచుకుంటుంది. అరిగిన రింగులు, ఎండిపోయిన వాల్వు సీళ్లు, బలహీనమైన బ్యాటరీ, సాగిన గొలుసు... ఇవన్నీ బయటపడేది రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను మొదటిసారి లేపినప్పుడే. అందుకే బండి చూడాల్సింది పొద్దున్నే. వెళ్లగానే బానెట్ మీద చెయ్యిపెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే... ఆగాలి.

చల్లారాక మెకానిక్ తాళంచెవి ఒక మెట్టు తిప్పాడు. డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ దీపం వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే జబ్బు ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే జబ్బు కనిపించకుండా దీపాన్నే పీకేసినట్టు! ఆ బండిలో దీపం వెలిగింది, ఆరింది. సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంది. ఈయన ముఖం విప్పారింది. మెకానిక్ వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర గొంతుకూర్చున్నాడు.

పొగకు భాష ఉంది. చల్లటి పొద్దున మొదట్లో పల్చటి తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది నీటి తడి, కంగారక్కర్లేదు. తెల్లటి పొగ దట్టంగా, ఆగకుండా వస్తుంటే కూలెంట్ ఇంజన్‌లోకి కారుతోందని అర్థం. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ మండుతోంది. అది సెన్సరో, ఫిల్టరో, ప్లగ్గో కావచ్చు. నీలంగా వస్తే మాత్రం మండుతున్నది పెట్రోలు ఒక్కటే కాదు, ఇంజన్ ఆయిల్ కూడా. రింగులో, వాల్వు సీళ్లో పోయాయి. షెడ్డు భాషలో చెప్పాలంటే 'ఇంజన్ పనికొచ్చింది'.

పొగ లేదు. కానీ ఆయిల్ పోసే మూత విప్పి తిరగేస్తే లోపలివైపు మజ్జిగలాంటి గోధుమరంగు పదార్థం అంటుకుని ఉంది. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి, పైన సన్నని జిడ్డు పొర. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. జగిత్యాల ఎండలు 45 డిగ్రీలు దాటేవి. ఎక్కడో ఒకసారి బండి బాగా కాగిపోయింది. హెడ్ గాస్కెట్ దెబ్బతిని నీళ్లూ ఆయిలూ కలిశాయి. పైన చూస్తే ఇంజన్ గది అద్దంలా కడిగి ఉంది. అదీ ఒక సూచనే. మురికి పట్టిన ఇంజన్ ఎక్కడ కారుతోందో చూపిస్తుంది. నిన్ననే కడిగిన ఇంజన్ ఏమీ చూపించదు.

'చాయ్ పైసలు నేను కడ్త' అని మెకానిక్ లేచాడు. ఆ రెండు చాయ్‌లు ఆ కుటుంబానికి మిగిల్చింది ఓ చిట్టీ డబ్బు.

మగ్గం చెవులు

మూడో కబురు సిరిసిల్ల నుంచి వచ్చింది. బామ్మర్ది ఫోన్. 'బావా, ఈడ రిటైరైన పంతులు సార్ బండొకటున్నది. సూపు ఏం మంచిగ లేదు. కని ఒకపారి ఇను.'

చూడు అనలేదు. 'ఇను' అన్నాడు.

సిరిసిల్లలో పుట్టినవారికి అది సహజం. వీధి మొదట్లో అడుగుపెడితే చాలు, షెడ్ల లోంచి మరమగ్గాల చప్పుడు చెవుల్ని కప్పేస్తుంది. పక్క మనిషి మాట వినపడదు. అంత రొదలోనూ ఓ కార్మికుడు ఒకేసారి ఎన్నో మగ్గాలు చూసుకుంటాడు. కళ్లతో కాదు, చెవులతో. ఒక్క మగ్గం తాళం తప్పినా అతని తల అటు తిరుగుతుంది. ఇరవై ఏళ్లు అలా పనిచేసినవాడికి ఇంజన్ ఎంత!

బండి 2016 మోడల్ వ్యాగన్ఆర్. కె10 ఇంజన్. సిరిసిల్ల ఇంకా కరీంనగర్ జిల్లాలో ఉన్నప్పుడు, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు రాకముందు కొన్నది కాబట్టి నంబరు 'టీఎస్ 02'తో మొదలవుతుంది. బంపరుకు సొట్ట. ఎండకు వెలిసిన రంగు. సీట్లకు నేత తువ్వాళ్లు కప్పి ఉన్నాయి. మీటరులో 71 వేలు. ఇంజన్ మీద దుమ్ము. ఎవరూ కడగలేదు.

పొద్దున ఆరున్నరకు స్టార్ట్ చేశారు. బామ్మర్ది కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి అన్నాడు... 'కొద్దిగ వణుకుతున్నది. కని వణుకు ఒక్క తీర్గనే ఉన్నది.'

మెకానిక్ అతణ్ని ఆశ్చర్యంగా చూశాడు. అది మూడు సిలిండర్ల ఇంజన్. నాలుగు సిలిండర్లంత నున్నగా ఉండదు, నిలబడ్డప్పుడు సన్నటి వణుకు సహజం. భయపడాల్సింది వణుకుకు కాదు, వణుకు వరస తప్పితే! మధ్యమధ్య ఒక దెబ్బ మిస్సవుతుంటే ప్లగ్గో, కాయిలో, లేక సిలిండరులో కంప్రెషన్నో తగ్గిందని. తర్వాత ఏసీ వేశారు. చప్పుడు ఒక్క క్షణం కుంగి, మళ్లీ నిలదొక్కుకుంది. అలాగే ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశారు. పొగ గుప్పుమని రాలేదు. ప్లగ్గులు విప్పారు. మూడూ లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి. ఆయిల్ తడి లేదు. గేజి పెట్టి చూస్తే మూడు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉంది. చిన్న స్కానర్ తగిలిస్తే తప్పుల జాబితా ఖాళీ.

తర్వాత వేములవాడ దాకా తోలారు. మొదట కిటికీలు దించి, పాటలు ఆపి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ అడుగు నుంచి ధన్‌ధన్‌మని లోతుగా కొట్టుకుంటే క్రాంకు బేరింగులు పోయినట్టు. అలాంటి బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. పైభాగంలో సన్నగా టిక్‌టిక్‌మంటే ట్యాపెట్ల సంగతి, చిన్న పని. వేగంగా వెళ్తూ కాలు తీసి, కాసేపాగి మళ్లీ తొక్కుతూ వెనకద్దంలో చూడాలి. అప్పుడు నీలిపొగ కనిపిస్తే వాల్వు సీళ్లు పోయాయన్నమాట. ఈ బండిలో అవేవీ లేవు. నలుగురు ఎక్కి కూర్చుని ఏసీ వేసినా వేడి ముల్లు మధ్య గీత దాటలేదు.

అన్నీ బాగున్నాయా? లేవు. వాల్వు కవరు అంచున ఆయిల్ చెమ్మ. ఇంజన్ మౌంటు ఒకటి వదులు. బ్యాటరీ ముసలిది. ఈయన మళ్లీ గాభరా పడ్డాడు. మెకానిక్ అప్పుడు చెప్పిన మాట పాత బండి కొనే ప్రతివారూ గుర్తుపెట్టుకోదగ్గది. 'అన్నా, భయపడేటివి వేరు. బేరం చేసేటివి వేరు.'

నీలిపొగ, అడుగు చప్పుడు, నీళ్లూ ఆయిలూ కలవడం, వేడెక్కడం... ఇవి భయపడి లేచి రావాల్సినవి. కవరు గాస్కెట్, ప్లగ్గులు, ఫిల్టర్లు, మౌంట్లు, బ్యాటరీ... ఇవి ధర తగ్గించుకోవాల్సినవి. జనం తరచూ దీన్ని తిరగేస్తారు. బంపరు సొట్ట చూసి మంచి ఇంజన్‌ను వదులుకుంటారు. మెరిసే రంగు చూసి చచ్చిన ఇంజన్‌ను ఇంటికి తెచ్చుకుంటారు.

ఇథనాల్ సంగతి, కాగితాల సంగతి

ఇంకో ప్రశ్న మిగిలింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దేశం ఆ లక్ష్యాన్ని 2025లో చేరుకుంది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలో విడిభాగాలు దానికి తగ్గట్టే తయారవుతున్నాయి. అంతకుముందువాటిలో? బండి నడుస్తుంది. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్ల మీద మాత్రం కన్నేసి ఉంచాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదపకుండా ఉంచిన బండి ట్యాంకుతో జాగ్రత్త. పంతులు గారి బండి వారానికోసారైనా కదులుతూ ఉంది. పెట్రోలు గొట్టాలు మెత్తగా ఉన్నాయి, పగుళ్లు లేవు. అయినా సర్వీసులో మార్చేయమని మెకానిక్ రాసిచ్చాడు.

నీళ్లలో మునిగిన బండి కాదు కదా అని కూడా చూశారు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వరదలకు ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటి బండి బయటికి కొత్తగానే కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే బురద వాసన, స్టెప్నీ గుంటలో ఎండిన మట్టి, సీటు కింది బోల్టులకు తుప్పు నిజం చెప్పేస్తాయి.

ఇక కాగితాలు. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీదవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, 35వ నంబరు ఫారం కావాలి. యాజమాన్యం మార్చడానికి 29, 30 నంబరు ఫారాలు. బీమాను 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోమని అడగాలి. చలాన్లు బాకీ ఉన్నాయేమో చూసుకోవాలి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 నుంచి 5 వేలు. బండికి 20 ఏళ్లు దాటితే 2025 నుంచి 10 వేలు. అంటే 2011 మోడల్ చవగ్గా వస్తోందని మురిసిపోతే లాభం లేదు. 2016 బండికి 2031 దాకా ఆ బెంగ లేదు.

బేరంలో ఇంకో అస్త్రం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కార్ల ధరలు దిగాయి. కొత్తదే దిగినప్పుడు పాతదాని ధర అక్కడే ఉంటుందా? పంతులు గారు నిజాయతీపరుడు. ఆ మాట విని నవ్వి తగ్గించారు. బేరం 3 లక్షల 5 వేలకు కుదిరింది. మిగిలిన పాతిక వేలు మెకానిక్ చేతికి వెళ్లాయి. ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు, ప్లగ్గులు, గాస్కెట్, మౌంటు, బ్యాటరీ, పెట్రోలు గొట్టాలు. పాత బండి కొనేవారు ఉన్నదంతా బండికే పోసేయకుండా ఈ 'మొదటి సర్వీసు' డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి.

వెళ్లేముందు పంతులు గారు ఓ పాత డైరీ తెచ్చిచ్చారు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్పించారో, ఏ రోజు ఎంత పెట్రోలు పోయించారో పదేళ్లుగా రాసిన లెక్క. మీటరు తిప్పొచ్చు. పదేళ్ల డైరీ ఎవరు తిప్పగలరు?

వెనక సీట్లో...

బండికి కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బానెట్ మీద బొట్టు. తల్లిని ఎక్కమంటే మొదట సందేహించింది. 'మళ్ల ఆగదు గద బిడ్డా?' అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పగలిగినవాడు ఎవరు? యంత్రం యంత్రమే. చేయాల్సినదంతా చేశాడు, అంతే.

ఆ తర్వాతి వారం కరీంనగర్ ప్రయాణం. పరీక్షలు అయ్యేసరికి చీకటి పడింది. తిరుగు ప్రయాణంలో గంగాధర దాటారు. మూడేళ్ల కిందట బండి ఆగిన చోటు దగ్గరపడుతోంది. ఆయనకు తెలియకుండానే చేతులు స్టీరింగును గట్టిగా పట్టుకున్నాయి. పాటలు ఆపేశాడు. కిటికీ కాస్త దించి చెవులు రిక్కించాడు. ఇంజన్ తన మూడు సిలిండర్ల వణుకుతో ఒకే తీరుగా నడుస్తోంది. ఆ మలుపు దాటింది. ఆ చెట్టూ దాటింది.

'అవ్వా, దాటినం' అని చెప్పబోయి అద్దంలోకి చూశాడు.

తల్లి కోడలి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. పద్నాలుగేళ్లు ఎవరెవరి తల్లులనో అలా వెనక సీట్లో నిద్రపుచ్చుతూ కారు తోలినవాడు, మొదటిసారి తన తల్లికి మెలకువ రాకూడదని గేరు మెల్లగా మార్చాడు.